మధ్యమం మెట్లు

2006 మే 9, మంగళవారం, ఉదయం 6 గంటల 10 నిమిషాలకు ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సెక్కాను. నాతో ఒక చేతిసంచి, ఒక వీణ. అడవి అంచున ఉన్న రేడియో కేంద్రంలో పదిన్నరకు నా రికార్డింగు. మా వైపు పొద్దునా సాయంత్రం శాస్త్రీయ సంగీతమే వినిపించే కేంద్రం అదొక్కటే. కీళ్ళనొప్పుల వల్ల అంతకుముందు రెండు పిలుపులు వదులుకున్నాను. ఎడమచేతి నడిమి వేలు నెలనెలకూ బిగుసుకుపోతోంది. ఈ వేసవి దాటితే కల్యాణి నా చేతికి అందదని నాకు తెలుసు. ఏడాదిగా సాధన చేసిన ఆ రాగం ఇరవై నిమిషాలైనా వాళ్ళ దగ్గర భద్రంగా ఉండాలని బయలుదేరాను.

కండక్టరు వీణ గలీబు తట్టి చూశాడు.

"ఏంది పెద్దమ్మా, గింత పొడుగు సామాను? పైన ఎయ్యాలె."

"పైన వేస్తే పగులుతుంది నాయనా. దానికీ టికెట్ కొట్టు."

"అర టికెట్టా, నిండుదా? వయసెంత దానికి?"

"నలభై ఒకటి."

బస్సంతా నవ్వింది. అతనూ నవ్వి, నిండు టికెట్టే కొట్టాడు.

ఇంజను పక్క సీటు దొరికింది. వీణను పక్కకు ఒరిగించి, దాని కుండను ఒళ్ళో పెట్టుకుని, మెట్లున్న పొడుగాటి దండిని ఇంజను మూత మీద ఆనించాను. అడుగున దుప్పటి నాలుగు మడతలు వేశాను. కుదుపుల సంగతి ఆలోచించాను గాని వేడి సంగతి ఆలోచించలేదు.

తల్లాడలో 7 గంటల 20 నిమిషాలకు ఆపారు. నాలుగు ఇడ్లీ ఎనిమిది రూపాయలు. చట్నీలో ఉప్పు ఎక్కువ. అక్కడ ఎక్కిన పెనుబల్లి ఆమె నా పక్కన కూర్చుంది.

"ఇది వాయిస్తే రేడియోవోళ్ళు పైసలిస్తరా?" అని అడిగింది.

"ఇస్తారు."

"మా ఆయన రాత్రంతా గురక వాయిస్తడు. ఒక్కలన్న పైస ఇయ్యరైరి!"

అడవి మొదలయ్యాక ఎండ బస్సు అద్దంలోంచి సూటిగా పడింది. 9 గంటల 5 నిమిషాలకు దిగాను. కేంద్రం దాకా ఆటో కిరాయి పదిహేను రూపాయలు.

ఆ కేంద్రాన్ని చూసి తీరాలి. ఆవరణ ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. వరండాలో కుండనీళ్ళు పెట్టారు. స్టూడియోకి రెండు తలుపులు. మొదటిది మూసుకున్నాకే రెండోది తీస్తారు. లోపల నిశ్శబ్దం ఎంతంటే నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. ప్రకటన చదివే అమ్మాయి నా ఇంటిపేరు మూడుసార్లు పలికి, సరిగ్గా ఉందో లేదో అడిగింది. కార్యక్రమాలు చూసే అధికారిణికి ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. "గాజులు తీసెయ్యండమ్మా, మైకు వాటినీ వింటుంది" అంది. ఇంత శ్రద్ధ నేను పెళ్ళిళ్ళ కచేరీల్లో ఎన్నడూ చూడలేదు.

10 గంటల 5 నిమిషాలకు గలీబు విప్పాను. వీణ మెట్లు మైనం మీద నిలబడతాయి. దారిలో దుప్పటి ఒకచోట జారింది కాబోలు, అక్కడ మైనం కరిగి రెండు మెట్లు ఒక పక్కకు కుంగాయి. అయిదోది, ఆరోది. అంటే 'మ' స్వరం పలికే మెట్లు, మధ్యమాలు రెండూ. కల్యాణికి ప్రాణం ఆ ఆరో మెట్టు.

అధికారిణి నా ముఖం చూసింది. "వాయిదా వేద్దామా అమ్మా? అయితే మళ్ళీ పిలుపుకి ఏడాది పట్టొచ్చు."

గాంధారం మెట్టు మీదే తీగ లాగి మధ్యమం పలికించవచ్చు. రెండుసార్లు లాగి చూశాను. మూడోసారికి వేలు మొరాయించింది. ఇరవై నిమిషాలు ఆ వేలితో కాదు. ఏడాది ఆగితే ఏ రాగమూ కాదు.

మృదంగం వాయించే ఆయన స్థానికుడే. "పిన్నిగారూ, ఏం జేద్దాం? జల్దీ చెప్పుండ్రి, మృదంగానికి పెట్టిన రవ్వముద్ద ఎండిపోతుంది" అన్నాడు.

"మోహనం," అన్నాను. అందులో మధ్యమం లేదు.

"గది మీరు చిన్నపిల్లలకు చెప్పే రాగం గదా!"

"అవును. ముప్పై ఏళ్ళు చెప్పాను. ఇవాళ ఆ పాఠం నేనే అప్పజెప్పాలి."

అధికారిణి కల్యాణి కొట్టేసి మోహనం రాసుకుంది. ప్రకటన అమ్మాయి మళ్ళీ మొదటి నుంచి చదివి చూసుకుంది. ఎవరూ విసుక్కోలేదు. ఎర్రదీపం వెలిగింది. వాయిస్తున్నంతసేపూ కుంగిన మెట్ల వైపు చూడలేదు. గాంధారం నుంచి పంచమానికి దాటిన ప్రతిసారీ నడుమ ఒక గుంత ఉందని వేలికి తెలుసు. చివరి మీటు అణగాక కూడా దీపం ఆరేదాకా ఎవరూ కదల్లేదు.

స్టూడియో అద్దం అవతలి రికార్డింగు గదిలోంచి అధికారిణి బయటికొచ్చింది. "పందొమ్మిది నిమిషాల యాభై సెకన్లు. కత్తిరించాల్సింది ఏమీ లేదమ్మా."

మృదంగం ఆయన చెమట తుడుచుకుంటూ "పిన్నీ, పిల్లల రాగమని నోరు జారిన" అన్నాడు.

మధ్యాహ్నం 2 గంటల 15 నిమిషాలకు తిరుగుబస్సు ఎక్కాను. ఈసారి వెనక సీటు, నీడ పక్క, మెట్ల కింద తడి తువ్వాలు. వాద్యంతో వెళ్ళేవారు ఇంజను పక్క సీటు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మిగతా విషయాల్లో ఆ కేంద్రం గురించి చెప్పాల్సిందంతా మెప్పే. వెళ్ళండి. సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు ఖమ్మంలో దిగాను.

పోయినవి: మెట్ల మైనం, రెండు చోట్ల. తువ్వాలు ఒకటి, బస్సులోనే. కల్యాణి, ఇరవై నిమిషాలు.