కంచె పక్కన మనిషి

ఇంగ్లండులో మా ష్రాప్‌షైర్ కొండవాలు పొలాల్లో ముళ్ళకంచె అల్లాలంటే ఈనాక్ ప్రాబర్టే అల్లాలి. నలభై ఏళ్ళుగా అతని మాట అదే, ఊరి మాటా అదే. బతికున్న ముళ్ళమొక్క కాండాన్ని మొదలు దగ్గర ముప్పాతిక వంతు నరికి, తెగిపోకుండా వంచి, గుంజల మధ్య పడుకోబెడతాడు. వాలు నేల మీదైతే ఎప్పుడూ ఎగువకే వంచుతాడు. దిగువకి వంచితే రసం ఎక్కదు, రెండేళ్ళలో కంచె ఎండి గొర్రెలకు దారి అవుతుంది. అలా వంచేవాణ్ణి ఈ చుట్టుపక్కల ఎవరూ పనికి పిలవరు.

ఆ ఏడు మార్చిలో లండన్ నుంచి లాటిమర్ అనే చిత్రకారుడు వచ్చి, ఈ భూములన్నిటికీ యజమాని అయిన దొరవారి కోసం మా లోయను నూనెరంగుల్లో వేశాడు. వాగు, ఓక్ చెట్టు, గొర్రెపిల్లలు, ముందువైపు కంచె, కంచె పక్కన కత్తి పట్టుకుని ఈనాక్. అతని ఎర్ర మెడగుడ్డ కూడా వదల్లేదు. ఈనాక్ భార్య హెస్టర్ కాళ్ళు నేల మీద ఆనలేదు. మా ఆయన దొరగారి గోడెక్కుతున్నాడని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంది.

కోతల విందు నాడు రైతుల్నీ కూలీల్నీ పెద్ద హాల్లోకి పిలిచి బొమ్మ చూపించారు. అందరూ మెచ్చుకున్నారు. ఈనాక్ ముఖం మాత్రం మాడిపోయింది. బొమ్మలో కంచె కాండాలన్నీ దిగువకి వాలి ఉన్నాయి.

టోపీ చేత్తో పట్టుకుని చిత్రకారుడి దగ్గరికి నడిచాడు. లాటిమర్ ఓపిగ్గానే చెప్పాడు. కావాలనే అలా వేశాడట, చూసేవాడి చూపు జారి వాగు దగ్గరికి పోవాలట, కంచె తిప్పితే బొమ్మంతా చెడుతుందట. దొరవారు గొంతు సవరించుకున్నారు. హెస్టర్ వెనకనుంచి కోటు లాగింది. ఉండే ఇల్లు దొరవారిదే, చేసే పనీ దొరవారిదే. ఆ సంగతి ఈనాక్‌కి ఒకరు చెప్పక్కర్లేదు.

"బొమ్మల సంగతి నాకు తెలీదు బాబూ, బాగానే ఉందేమో," అన్నాడు. "కానీ ఆ కత్తి పట్టుకున్నోణ్ణి నేను. నేను పోయాక కూడా ఇది గోడ మీద ఉంటది. కంచెనన్నా తిప్పండి, లేకపోతే నన్నన్నా చెరిపెయ్యండి."

మర్నాటికి బొమ్మలో ఈనాక్ ఉన్నచోట ఒక ఎర్రావు నిలబడింది.

హెస్టర్ వారం రోజులు మొగుడితో మాట్లాడలేదు. ఊరంతా చెప్పుకున్న మనిషి, పాపం, ఎవరికి ముఖం చూపిస్తుంది?

క్రిస్మస్‌కి ఆమె దొరవారింట్లో వంటపనికి వెళ్ళింది. పక్క ఊరి రైతొకడు బొమ్మ ముందు నిలబడి, ఈ కంచె అల్లినవాడెవడోగానీ వట్టి పనికిమాలినవాడని నవ్వుతున్నాడు. గిన్నె పట్టుకుని పోతున్నదల్లా ఆగింది.

"మా ఆయన కాదు," అంది తలెత్తి. "బాగా చూస్కోండి. అందులో మా ఆయన లేడు."