నేను సరిదిద్దిన అక్షరాలు

తెలంగాణ కోసం బొగ్గు బాయిలన్నీ బందువెట్టి కూసున్న రోజులవి. గోదావరిఖనిల షిఫ్టు సైరన్ మోగక మూడు వారాలైంది. పొద్దుగాల్నే డ్యూటీ యాళ్లకు మెలకువ వస్తుండె గని పోవడానికి డ్యూటీ లేదు. సమ్మె టెంటు కాడికి పోయి రెండు గంటలు కూసొని, నినాదాలిచ్చి, చాయ్ తాగి ఇంటికొస్తే గడియారంల ఇంకా పదకొండు కూడ అయ్యేది కాదు.

నేను బెల్టు ఫిట్టర్‌ను. బాయిల తవ్విన బొగ్గును మీదికి మోసుకొచ్చే పొడుగు రబ్బరు బెల్టు తెగినా, దాని కింద రోలర్ పట్టేసినా నేనే పోవాలె. ఇరవై ఏండ్లు గదే పని చేసేసరికి నాకొక బీమారి పట్టుకుంది. లోకంల ఏ మిషనైనా చూడంగనే నాకు అర్థమైతదని నమ్ముడు. ఒకసారి ఇంట్ల మిక్సీ విప్పి మళ్ల బిగిస్తే మూడు స్క్రూలు మిగిలినయి. అవి ఫాల్తువి, తయారుచేసేటోళ్లు ఊకెనే పెడ్తరని మా ఆమెకు చెప్పిన. మరునాటి నుంచి ఆమె పచ్చడి రోట్లనే నూరింది.

సమ్మె నాటికి ఆమె నాలుగు నెలల నుంచి కార్పెట్ల పని నేర్చుకుంటున్నది. మా క్వార్టర్ల కాడ ఒక పాత హాలు ఉండె. అండ్ల ఒక మహిళా సంఘమోళ్లు బాయి పనోళ్ల ఇండ్ల ఆడోళ్లకు గా పని నేర్పిస్తుండిరి. నేర్పేటామె మాకంటె పదేండ్లు పెద్దది. వాళ్ల నాయిన కూడ బాయి మనిషే, ఆదివారం చర్చిల పాటలు పాడిస్తుండె. ఆమె పెండ్లైనంక ఉత్తరాదికి పోయి, అక్కడ కార్పెట్ల మిల్లుల శాన ఏండ్లు పనిచేసి, మళ్ల గోదావరిఖనికి వచ్చింది. అందరు టీచరక్క అనేటోళ్లు.

ఒకరోజు అన్నం తినుకుంట మా ఆమె చెప్పింది: హాలుల కార్పెట్ కుట్టే ఒక గన్ను సరిగ నడుస్తలేదట, దారం మధ్యమధ్యల తప్పిపోతున్నదట, టీచరక్క చూస్తనన్నదట. నన్ను రమ్మనలె. అయినా నేను చెయ్యి కడుక్కొని, పానాల సంచి భుజానికేసుకొని ఆమెకంటె ముందుగాలనే గడప దాటిన.

కుట్టుమిషన్ల అసొంటివి ఉంటయనుకొని పోయిన. హాలుల కట్టె ఫ్రేములు నిలవెట్టి ఉన్నయి. ఫ్రేము చుట్టూ మొలలు, ఆ మొలలకు డప్పు మీది తోలు లెక్క బిర్రుగ గుంజి కట్టిన బట్ట. ఆడోళ్లు దాని ముందట నిలవడి, డ్రిల్లు మిషను అసొంటిదాన్ని రెండు చేతులతోని పట్టుకొని బట్టకు ఒత్తుతున్నరు. దాన్నే గన్ను అంటున్నరు. దారం కింద ఉండ నుంచి లేచి, పైన ఒక కొక్కెం లోపలికెల్లి దిగి, గన్ను మూతిల ఉన్న సూదిల దూరుతున్నది. టకటకటకమని ఒకటే సప్పుడు.

చెడిపోయిన గన్నును బల్ల మీద పెట్టి విప్పిన. లోపల చిన్న మోటరు, దానికి ఒక చక్రం, ఆ చక్రం గుండ్రంగ తిరుగుతుంటే సూదిని ముందుకు ఎనుకకు ఉరికిచ్చే ఒక కడ్డీ. సూది లోపల బోలుగ ఉంది. ఆ బోలు లోపలికెల్లే ఒక చిన్న కత్తెర. ఇంతవరకు నాకు అర్థమైంది. అక్కడనే ఆగితే బాగుండు. కుట్టుమిషన్ల అయితే కింద బాబిన్ ఉంటది, మీది దారాన్ని కింది దారం పట్టుకుంటది. గిండ్ల ఎంత ఎతికినా బాబిన్ లేదు.

పదిమంది ఆడోళ్ల ముందట లేచి నిలవడి చెప్పిన: "అక్కా, గీ గన్నుకు ఒక సామాను తక్కువొచ్చింది. బాబిన్ పెట్టుడు మర్చిపోయిన్రు. వాపస్ పంపుండ్రి."

ఎవరూ నవ్వలె. నవ్వితే నయముండు. టీచరక్క కండ్లద్దాలు సరిచేసుకొని, "తమ్మీ, మిగిలిన నాలుగు గన్నులకు గూడ లేదు" అన్నది.

తర్వాత ఆమె నన్ను స్టూలు మీద కూసోవెట్టి, ఓపికతోని చెప్పింది. మగ్గం మీద నేస్తే బట్ట, దాని మీది డిజైను రెండూ ఒక్కసారే తయారైతయట. ఇది నేసుడు కాదు. ముందే నేసి పెట్టిన బట్టల దారాన్ని నాటుడు. పొలంల వరి నాటేసినట్టే. సూది దారాన్ని పట్టుకొని బట్టలకెల్లి అవతలికి పొడుచుకపోతది, లోపలి కత్తెర అక్కడ దారాన్ని తెంపుతది, సూది ఎనుకకు వస్తది. దారం కొస అవతల దిక్కు కుచ్చు లెక్క నిలవడి ఉంటది. కత్తెర తెంపకుంట వదిలేస్తే కుచ్చుకు బదులు చిన్న చిన్న ఉంగరాలు మిగులుతయి, అదీ ఒక రకం కార్పెట్టే.

మరి ఆ కుచ్చును పట్టుకునేది ఏందని అడిగిన. నా మనసుల బాబిన్ ఇంకా చావలె.

"బట్ట బిర్రే పట్టుకుంటది" అన్నది టీచరక్క. "చేత్తోని గుంజితే వస్తది. అందుకే అంతా అయినంక ఎనుక దిక్కు రబ్బరు గమ్ము పూస్తం. గమ్ము పట్టినంక ఎవరు గుంజినా రాదు."

నేను గన్నును మళ్ల బిగించిన. గంట పట్టింది. ఈసారి స్క్రూలు ఏం మిగలలె, ఎందుకంటే పక్కన నిలవడి మా ఆమె లెక్కవెట్టింది. తర్వాత ఆమె వంగి, ఫ్రేము కాలు కింద చిక్కుకున్న దారపు ఉండను తీసి నిలవెట్టింది. గన్ను కడుపునిండ దారం తీసుకొని మంచిగ నడిచింది. చెడిపోయింది గన్ను కాదు.

సిగ్గున్న మనిషైతే మళ్ల గా హాలు దిక్కు పోడు. నేను రోజూ పోయిన. టెంటుల కూసునేదానికంటె గిదే మంచిగనిపించింది. గన్ను పట్టుడు కూడ నేర్చుకున్న, అంటే నేర్చుకున్ననని అనుకున్న. గన్నును బట్టకు గట్టిగ ఆనిచ్చి ఒక్క దిక్కే, కింది నుంచి మీదికి నడిపియ్యాలె. కొంచెం లేపితే దారాలు సోలిపోతయి, పక్కకు గుంజితే బట్ట చినుగుతది. మొదటిరోజే అరచెయ్యంత బొక్క చేసిన. ఎవరో ఒకామె దానికి అతుకేసింది.

గట్లుండంగ టెంటు కమిటీ నుంచి ఒక పని వచ్చింది. టెంటుల వేదిక ఎనుక కట్టడానికి జై తెలంగాణ అని రాసిన కార్పెట్ కావాలె. పచ్చటి దాని మీద పసుపు అక్షరాలు. ఆ పని టీచరక్క మా ఆమెకు అప్పజెప్పింది. ఆమె చుట్టూ అంచు నింపి, నడుమ అక్షరాలను చాక్‌పీసుతోని గీసి పెట్టింది.

మరునాడు ఆడోళ్లందరు రోడ్డు మీద వంటావార్పు నిరసనకు పోయిన్రు. టీచరక్క సంఘం పని మీద పెద్దపల్లికి పోయింది. హాలు తాళంచెవి మా ఇంట్లనే ఉండె. వాళ్లు వచ్చేసరికి కార్పెట్ పూర్తిచేసి చూపిద్దామని నేను ఒక్కన్నే పోయి తలుపు తీసిన.

ఫ్రేము ముందట నిలవడి చూస్తే అక్షరాలన్నీ తిరగబడి ఉన్నయి. అద్దంల చూసినట్టు కుడి నుంచి ఎడమకు రాసి ఉన్నది. నాకు జాలేసింది. పాపం తొందర్ల గీసినట్టుంది, ఏడో తరగతిల బడి మానేసిన మనిషి, పది మందిల నగుబాటు అయితుండె, నేను చూసిన కాబట్టి సరిపాయె అనుకున్న. తడిబట్ట తీసుకొని ఆమె గీతలన్నీ తుడిచిన. ఆరినంక చాక్‌పీసు పట్టి, గుండ్రటి అక్షరాలతోని, ఎడమ నుంచి కుడికి, తప్పు లేకుంట జై తెలంగాణ అని రాసిన. బాయిల నోటీసు బోర్డు మీద రాసేది నేనే. నా దస్తూరికి పేరుంది.

ఇగ గన్ను పట్టిన. అక్షరాలు సగమైనయో లేదో కరెంటు పోయింది. బొగ్గు ఆపింది మేమే కాబట్టి ఎవరినీ తిట్టే వీలు లేకపాయె. రెండు గంటలు గన్ను ఒళ్లె పెట్టుకొని కూసున్న. కరెంటు వచ్చినంక అక్షరాలు అయినయి, వాటి చుట్టూ పచ్చ దారం కూడ నింపిన. భుజాలు పడిపోయినయి. పని సగంల వదిలిపెట్టుడు ఫిట్టర్ లక్షణం కాదని బ్రష్షు తీసుకొని గమ్ము కూడ పూసిన. ఒకసారి పూస్తే సాలు. గట్టిగుండాలని రెండుసార్లు పూసిన. ఫ్రేము ఎనుకకు పోయి చూడాలన్న సోయి నాకు రాలె. నా ముందట అక్షరాలు ముత్యాల లెక్క కనబడ్తున్నయి, ఎనుక ఏముంటది?

సాయంత్రం మా ఆమె పొగ వాసనతోని వచ్చింది. హాలుల అడుగువెట్టి, నేను పూసిన దిక్కు ఒక్క చూపు చూసి, నేరుగ ఫ్రేము ఎనుకకు పోయింది. మురిసిపోతుందనుకున్న.

"నేను గీసినదాన్ని ఎవరు తుడిచిన్రు?" అని అడిగింది.

నేనే తుడిచిన, తప్పు రాసినవ్ కదా అని చెప్పిన.

ఆమె ఇవతలికి రాలె. అక్కడి నుంచే, గొంతు లేపకుంట అన్నది: "మనం కుట్టేది ఎనుక దిక్కు. కార్పెట్ ముఖం గిటు దిక్కుంటది. గిట్ల వచ్చి సూడు."

పోయి చూసిన. మెత్తటి పచ్చ కుచ్చుల నడుమ, పసుపు పచ్చగ మెరుసుకుంట, నా గుండ్రటి అక్షరాలు అన్నీ తిరగబడి ఉన్నయి.

దారం గుంజితే వస్తదని టీచరక్క చెప్పిన మాట యాదికొచ్చి ఒక కుచ్చును పట్టి గుంజిన. నాలుగు పోగులు చేతికొచ్చినయి, మిగిలినయి కదలలె. రెండుసార్లు పూసిన గమ్ము కదా.

"నాకు అక్షరాలు రావనుకున్నవా?" అని అడిగింది మా ఆమె. కోపంగ అడిగితే నేనూ ఏదో ఒకటి అనేటోన్ని. ఆమె నిజంగ తెలుసుకుందామని అడిగింది. నేను బ్రష్షు కడగడానికి నల్లా కాడికి పోయిన.

తెల్లారితే టెంటుకు కార్పెట్ ఇయ్యాలె. టీచరక్క పొద్దుగాల్నే వచ్చి చూసి, కొత్తది చేసే టైము లేదు, గిదే ఎనుక దిక్కు టెంటు లోపలికి పెట్టి కట్టుమన్నది. ఎనుక దిక్కు చదివితే అక్షరాలు సరిగనే ఉన్నయి కదా. కుచ్చుల దిక్కు రోడ్డుకు, గమ్ము దిక్కు కూసున్నోళ్లకు వచ్చేటట్టు వేదిక ఎనుక కట్టినం. అది వానాకాలం చివర. గమ్ము జిగట ఇంకా పోలె. మా బాయిల రిటైరైన ఒక ముసలి కాక, తెల్లంగి తొడుక్కొని వచ్చి, కుర్చీ ఎనుకకు జరుపుకొని దానికి ఆనుకొని కూసున్నడు. ఉపన్యాసానికి పిలిస్తే లేవబోయిండు, లేవరాలె. ఇద్దరం చెరో రెక్క పట్టి గుంజితే చర్రుమని సప్పుడుతోని ఊడివచ్చిండు. అంగి ఎనుక భాగం సగం కార్పెట్ మీదనే ఉండిపోయింది. ఆ కాక అట్లనే మైకు పట్టుకొని, వీపు కనబడకుంట నిలవడి ఇరవై నిమిషాలు మాట్లాడిండు. గాయనకు నా దండం.

మధ్యాహ్నం ఒక షేర్ ఆటో డ్రైవర్ టెంటు కాడ ఆగి, గీ కార్పెట్ చేసింది ఎవరని అడిగిండు. ఇగ అయిపోయింది నా పని అనుకొని చెయ్యి లేపిన.

"ఏం తెలివన్నా నీది" అన్నడు. "ఎదురుంగ వస్తుంటే ఏందో తెల్వలె. దాటిపోయినంక సైడు అద్దంల చూస్తే జై తెలంగాణ అని సాఫ్ కనబడ్డది. అంబులెన్సు మీద రాసినట్టు రాసినవ్."

చుట్టూ ఉన్నోళ్లు మెచ్చుకున్నరు. ఒకరిద్దరు నా భుజం తట్టిన్రు. నేనేం చేసిన్నో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గైతది. "ఔ, డ్రైవరన్నల కోసమే గట్ల చేసిన" అన్న. అనంగనే ఎనుకకు మళ్లి చూస్తే మా ఆమె చాయ్ గ్లాసుల ట్రే పట్టుకొని నిలవడి ఉన్నది. అందరికి ఇచ్చినట్టే నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. ముఖంల ఏం లేదు.

గ్లాసు కింద పెట్టి, ఆటో కదలకముందే పోయి గా డ్రైవర్‌కు అసలు సంగతి చెప్పిన. ఆమె సరిగనే గీసిందని, నేనే తుడిచి చెడగొట్టిన్నని. ఆయన "గది చెప్పకపోయినా నడుస్తుండె కదన్నా" అని ఆటో పోనిచ్చిండు. టెంటుల అందరికి చెప్పే ధైర్యం మాత్రం నాకు రాలె. వాళ్లకు మా ఆమె చెప్పి ఉంటే చెప్పి ఉంటది, నేను అడగలె.

సమ్మె అయిపోయినంక నేను మళ్ల బెల్టు కాడికి పోయిన. ఆమె గన్ను వదలలె. తెలంగాణ వచ్చే నాటికి కొత్తగ చేరినోళ్లకు ఆమెనే నేర్పిస్తుండె. టీచరక్క ఒకసారి ఆమెతోని ఇంకా నలుగురిని దూరాన ఒక పెద్ద మిల్లు చూపియ్యడానికి తీస్కపోయింది. వచ్చిన రోజు ఆమె కాళ్లు కడుక్కోకముందే, అక్కడ ఏం చూసినవో చెప్పుమని అడిగిన. మా పెండ్లైనప్పటి నుంచి మిషను గురించి నేను ఆమెను అడిగింది అదే మొదలు.

అన్నం గిన్నె మూత తీస్త, ఆమె మెల్లగ చెప్పింది. ఆ మిషను మన క్వార్టర్ అంత ఎడల్పు ఉంటదట. మనిషి చెయ్యి పట్టేది లేదట. మీద ఒక పొడుగు ఇనుప పట్టాకు దువ్వెన పండ్ల లెక్క వందల సూదులు వరుసగ ఉంటయట, ఒక్కో సూదికి ఒక్కో దారం, ఎనుక గోడ పొడుగునా దారపు ఉండలు. పట్టా కిందికి దిగితే సూదులన్నీ ఒక్కసారే బట్టల పొడుస్తయట. కింద సూదికొక కొక్కెం కాచుకొని ఉండి, సూది మీదికి లేచేటప్పుడు దారాన్ని పట్టి ఆపుతదట, అట్లా ఉంగరం మిగులుతది. కుచ్చు కావాలంటే ఆ కొక్కేనికి ఆనుకొని చిన్న చాకు ఉంటది, అది తెంపుతది. రోలర్లు బట్టను కొంచెం కొంచెం ముందుకు జరుపుతయి.

"రోలర్ల కాడ నువ్వు యాదికొచ్చినవ్" అన్నది.

మరునాడు బాయిల తినేకాడ నా తోటి ఫిట్టర్లకు అదంతా చెప్పిన. చేతులతోని పట్టా ఎట్ల దిగుతదో, కొక్కెం ఎట్ల పడ్తదో చూపిచ్చిన. ఒకడు టిఫిన్ డబ్బా మూత పెట్టుకుంట, గా మిషను నువ్వెప్పుడు చూసినవని అడిగిండు.

"నేను చూడలె" అన్న. "మా ఆమె చూసింది."