గుంజ దగ్గరికి రాని బంతి

గద్వాల మట్టికోట పక్క మైదానంలో చెప్పుల్లేని కాళ్లతో మావాళ్లు ఫుట్‌బాల్ ఆడిన కాలం అది. ఒక ఆటగాడు గొప్పవాడని తేల్చాలంటే అప్పట్లో రెండే దారులు. గొంతు పెద్దగా ఉన్నవాడు అవునని అరవడం ఒకటి, వాడికంటే పెద్ద గొంతున్నవాడు కాదని అరవడం రెండోది. ఇప్పుడేమో పత్రిక తెరిస్తే చాలు, ఎవడు ఎన్నిసార్లు బంతి తాకాడు, ఎంత దూరం ఉరికాడు అని గళ్లు గళ్లుగా అంకెలు. మొన్న మా మనవడి స్నేహితుడొకడు వచ్చి, "తాతా, మీ కాలంలో ఈ లెక్కలన్నీ లేకుండె గదా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేకపోవడమేమిటి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టుపట్ల ఆ పిచ్చి మొదలుపెట్టిన మొట్టమొదటి మూర్ఖుణ్ణి నేనే. (ఈ గౌరవం నాకు ఎవరూ ఇవ్వలేదు. నేనే తీసుకుంటున్నాను.) ఆ పిచ్చి వల్ల ఒక మనిషి నోటికాడి కూడు కొద్దిలో పోయేదని కూడా నేనే ఒప్పుకోవాలి, ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. పంటలు కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో దడువాయిని, అంటే కాంటా పట్టి సరుకు తూచేవాణ్ణి. బడి మెట్లెక్కలేదు, దుకాణానికొచ్చే పొట్లం కాగితాల మీద అక్షరాలు నేర్చుకుని, చదివిందల్లా నిజమని నమ్మి, నాకంటే తెలిసినవాడు ఊళ్లో లేడనుకునేవాణ్ణి. మా పనిలో ఒక పద్ధతి ఉండేది. కాంటా మీది నుంచి ఒక బస్తా దిగగానే దడువాయి పక్కన ఒక ఆముదపు గింజ పడేస్తాడు. ఒకటి అనకుండా "లాభం" అని మొదటిది, తర్వాత రెండు, మూడు. సాయంత్రం రైతుకూ సేటుకూ తగాదా వస్తే ఆ గింజలే సాక్ష్యం. గింజల కుప్ప మీద ఎవరూ నోరెత్తరు. కాంటా మీదికి రాని బస్తా మా లెక్కలో పుట్టనే లేదు. ఈ ఒక్క సూత్రంతో లోకాన్నంతా తూచేయవచ్చని నాకు గట్టి నమ్మకం.

మా ఊరి జట్టును నడిపేది జమేదార్ సాబ్. సంస్థానం పహరాలో, అంటే కోట కావలిలో చేసి దిగిపోయిన మనిషి, తెల్ల మీసం, మోకాలిలో పాత దెబ్బ. ఆ ఏడు సంస్థానం పెద్ద దఫ్తరు నుంచి ఆయనకు ఒక మాట వచ్చింది: పహరాలో ఒక జవాను జాగా ఖాళీగా ఉంది, ఈ సీజన్‌లో అందరికంటే బాగా ఆడినవాడి పేరు రాసి పంపితే ఆ కొలువు వాడిది. అంతే, ఊరు రెండుగా చీలింది. ఎక్కువమంది మా బావ పేరే చెప్పారు. మా బావ ఫార్వర్డ్. మైదానంలో ఈ మూల నుంచి ఆ మూలకు గాలిపటంలా తిరిగేవాడు. ఇటిక్యాలలో తండ్రి భూములున్నాయి, కొలువుతో పనిలేదు. కానీ యూనిఫారం మీది ఇత్తడి గుండీల మీద ఆయనకు ఎంత మోజో, మా అక్కకు అంతకు రెండింతలు. జమేదార్ సాబ్ మాత్రం గుంజ పేరు చెప్పాడు.

గుంజ అంటే మా బ్యాక్. గట్టు అనే ఊరి నుంచి వచ్చి మా అడ్తిలోనే హమాలీ పని చేసేవాడు. గోల్ ముందు పాతిన గుంజలా నిలబడతాడని ఆ పేరు. ఉరకడు, అరవడు, దుమ్ము లేపడు. పెండ్లాం, పాలు తాగే బిడ్డ. ఆ కొలువు రాకపోతే మేస్త్రీ వెంట తుంగభద్ర అవతలికి రాళ్లు కొట్టడానికి పోవాలి. అట్లా పోయిన ముఠాలో కిందటేడు వాళ్లన్న తిరిగి రాలేదు. ఈ సంగతి గుంజ ఎవరికీ చెప్పేవాడు కాదు. అయినా దుకాణంలో అందరికీ తెలుసు.

"సాబ్, కండ్లు మోసం జేస్తయి. నేను లెక్క వెడ్త" అన్నాను జమేదార్ సాబుతో.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "క్యా రే కాంటా, మనుషులను గూడ తూస్తవా? సరే, తియ్ లెక్క. తప్పయితే మాత్రం నిన్నే అడుగుత" అన్నాడు. ఆ రోజు నుంచి నా పేరు కాంటా.

చలికాలం పొడుగునా మైదానం గీత మీద కూర్చున్నాను. ముందర సున్నంతో పదకొండు గళ్లు. ఆటగాడు బంతిని తన్ని ముందుకు పంపితే వాడి గడిలో ఒక గింజ. కాళ్ల దగ్గరున్న బంతిని ఎదుటివాడికి పోగొట్టుకుంటే ఒక గింజ వెనక్కి. చివర్న, అలవాటు చొప్పున, దుమ్ము కింద పదింటికి ఒకటి తరుగు తీసేవాణ్ణి. "మనిషికి గూడ తరుగేందిరా బామ్మర్ది?" అని మా బావ మొత్తుకున్నాడు. "దుమ్ము లేని సరుకు యాడుంటది బావా?" అన్నాను. చూసేవాళ్లు నవ్వారు. ఒకరోజు మేక వచ్చి మా గోల్‌కీపర్ గడిలోని సీజనంతా మేసిపోయింది. అయినా నేను లేవలేదు. నా లెక్క బావ మీది ప్రేమతో పెట్టిందని ఈనాటికీ కొందరంటారు. అబద్ధం. బావ అంటే నాకంత ప్రేమ ఎప్పుడూ లేదు.

సీజన్‌లో ఒక్క మ్యాచ్ మిగిలింది, వనపర్తిలో. దానికి రెండు రోజుల ముందు జమేదార్ సాబ్ అరుగు మీద పదకొండు కుప్పలు పోశాను. బావది పుట్టలా ఉంది. గుంజది పిడికెడు. మేక మేసిన గోల్‌కీపర్‌ది కూడా దానికంటే నయం. లెక్కంతా కాగితం మీద ఎక్కించి, కింద దడువాయినని సంతకం కూడా పెట్టాను. నా పాటికి నేను ఊరుకుని ఉంటే పోయేది. గుంజ కుప్ప చూపించి, "సాబ్, గీయన్ని టీంల నుంచి తీసేసినా ఫరక్ వడదు" అన్నాను.

గుంజ అక్కడే ఉన్నాడు. తల ఎత్తలేదు. "కాంటన్నా, గింజలు సక్కగనే ఏసినవ్ లే" అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది. మేస్త్రీ బండ్లు వనపర్తి ఆట మర్నాడు పొద్దునే కదులుతున్నాయని, ఇంట్లో వాడి పెండ్లాం మూటలు కూడా కట్టేసిందని అప్పుడే ఎవరో అన్నారు.

జమేదార్ సాబ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఫరక్ వడదంటవా? మంచిది. వనపర్తిల చూద్దాం. దఫ్తరు ముంతజిం సాబ్ గూడ వస్తుండు." ముంతజిం అంటే కొలువులిచ్చే పెద్ద అధికారి.

రైల్లో కృష్ణ దాటి, వనపర్తి రోడ్డు స్టేషన్‌లో దిగి, మోటారులో వనపర్తి చేరాం. మైదానంలో జట్లు దిగుతున్నప్పుడు జమేదార్ సాబ్ నా భుజం మీద చెయ్యేసి, "దిగు" అన్నాడు.

"యాడికి సాబ్?"

"గుంజ జాగల నిలబడు. ఫరక్ వడదన్నవ్ గద. సగం ఆటకు వాళ్ల కప్తాను ఒప్పుకున్నడు. గుంజా, నువ్వు గా గింజలు వట్టుకో. ఈడు ఏసినట్లే ఏయాలె, ఒక్క గింజ ఎక్కువ తక్కువ కావద్దు."

గీత బయట కూర్చుంటే బంతి ఎంత నెమ్మదిగా వచ్చేదో! లోపలికి దిగాక అది తుపాకీ గుండయింది. విజిల్ ఊదీ ఊదకముందే వనపర్తి ఫార్వర్డొకడు, పొడుగు జుట్టువాడు, నన్ను ఒకసారి చూశాడు. సంతలో గొడ్డును చూసే చూపు. చూసి, వెనక్కి తిరిగి తనవాళ్లకు ఏదో చెప్పాడు. ఆ తర్వాత బంతి నా మీదికి తప్ప ఇంకెక్కడికీ రాలేదు. నేను తన్నాను. దేవుడి సాక్షిగా తన్నాను! కుడికాలితో, ఎడమకాలితో, మోకాలితో, ఒకసారి ముక్కుతో. తన్నిన బంతి పదడుగులు పోయి మళ్లీ నా దగ్గరికే వచ్చేది. మొదటి గోల్ నా కాళ్ల మధ్య నుంచి పోయింది. రెండోది నేను ఎటు ఉరికానో దానికి ఇవతలి పక్కనుంచి. మూడోది ఎట్లా పోయిందో చూడలేదు. అప్పుడు నేను కిందపడి ఉన్నాను. ప్రతి గోల్‌కూ మా బావ అంత దూరం నుంచి, "బామ్మర్దీ, బతికున్నవా?" అని అరిచాడు. నేను చూస్తున్నది మాత్రం గీత బయటికే. అక్కడ గుంజ వంగి, ఒక్కొక్క గింజా తీసి, నా గడిలో పెడుతున్నాడు. మేం ఇట్లా చిత్తుగా ఓడితే ముంతజిం సాబ్ మా జట్టులో ఎవరికీ కొలువు లేదు పొమ్మంటాడు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

సగం ఆట విజిల్ పడ్డాక గళ్ల దగ్గరికి పాకినట్టే పోయాను. నా గడిలో కుప్ప సున్నపు గీత దాటి పక్క గడిలోకి జారుతోంది.

"కాంటన్నా, ఇంగ పడ్తలేవు, నిండిపోయింది" అన్నాడు గుంజ.

జమేదార్ సాబ్ కుప్పను కర్రతో కదిలించాడు. "శాబాష్ కాంటా! సీజన్ల ఒక్క ఆటకు గింత కుప్ప మీ బావకు గూడ గాలే. మూడు గోలులూ నీ పక్క నుంచే. చెప్పు, ఎవని పేరు రాయాలె? నీదే రాద్దామా?"

అందరూ నవ్వారు. ముంతజిం సాబ్ నవ్వలేదు, గడియారం చూసుకున్నాడు. గింజలు సరిగ్గానే వేశాడు గుంజ, తరుగు కూడా తీశాడు. నా నియమం ప్రకారం ఆ రోజు మైదానంలో అందరికంటే గొప్ప ఆటగాణ్ణి నేనే.

రెండో సగానికి గుంజ దిగాడు, నేను గింజల దగ్గర కూర్చున్నాను. పొడుగు జుట్టువాడు బంతితో వచ్చాడు. గుంజ బంతి మీదికి పోలేదు. పక్కకు రెండడుగులు వేశాడు, అంతే. పొడుగు జుట్టువాడు ఆగి, చూసి, బంతిని వెనక్కి పంపేశాడు. మళ్లీ ఎడమ నుంచి వచ్చారు. మళ్లీ రెండడుగులు, మళ్లీ వెనక్కి. గింజ నా చేతిలోనే ఉండిపోయింది, వాడి గడిలో వేద్దామంటే వాడు బంతిని తాకనే లేదు.

"ఏందిరా, గుంజకు గింజ ఏస్తలేవు?" వెనకనుంచి జమేదార్ సాబ్.

"బంతి వస్తలేదు సాబ్."

"ఎందుకొస్తలేదు?"

చలికాలమంతా వాడి గడి ఖాళీగా ఉంటే సోమరి అనుకున్నాను. బంతి ఎందుకు రావడం లేదని ఒక్కసారీ అడగలేదు. కాంటా మీదికి రాని దాన్ని చూడడం నాకు చేతకాదు.

వెనక భయం లేకపోయేసరికి మావాళ్లు ముందుకు ఉరికారు. బావ రెండు గోలులు కొట్టాడు. (అది కూడా చెప్పాలి, ఆయన చెడ్డ ఆటగాడేం కాదు.) మూడుకు రెండు. చివరి నిమిషంలో వనపర్తివాళ్లు ఐదుగురు ఒక్కసారిగా మీదపడ్డారు. బంతి కుడివైపు ఉంది, గుంజ ఎడమవైపుకు నడుస్తున్నాడు! లేచి నిలబడి, "గుంజా, బంతి మీదికి పోరా! కొలువు వోతది!" అని గొంతు చించుకున్నాను. వాడు వినలేదు. ఎవరూ లేని ఒక ఖాళీ జాగాలో పోయి నిలబడ్డాడు. అప్పుడు కనిపించింది, పొడుగు జుట్టువాడు ఆ జాగాకే ఉరికి వస్తున్నాడు. బంతి ఉన్నవాడు కాలెత్తాడు, గుంజను చూశాడు, ఎత్తిన కాలు దించాడు. ఎవరికి ఇవ్వాలో తోచక అటూ ఇటూ చూస్తుండగానే విజిల్ పడింది.

ఓడిపోయాం. మూడు గోలులూ నావే. గుంజ గడిలో ఒక్క గింజ లేదు.

వనపర్తి రోడ్డు స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నప్పుడు జమేదార్ సాబ్ నా కాగితం తీసి నా ముందే పెట్టాడు. "ఓడినా కొలువు ఉన్నట్లే. నా నోటిమాట గాదు, ముంతజిం సాబ్ కాయితమే అడుగుతుండు. నువ్వే రాసినవ్, నువ్వే దిద్దు."

దడువాయి తన తూకం తప్పని రాసి సంతకం పెట్టడం మా బజారులో ఎవరూ ఎరగరు. మా సేటు ఏమంటాడో తెలుసు, రైతులు ఏమంటారో కూడా తెలుసు. అవతల బెంచీ మీద గుంజ జొన్నరొట్టె విరుస్తూ, నా వైపు చూడకుండా ఉండడానికి తంటాలు పడుతున్నాడు. పెన్సిల్ నోట్లో తడిపి గుంజ పేరు పక్కన రాశాను: 'ఇతడు లేని సగంలో మూడు గోలులు పోయినవి. ఉన్న సగంలో ఒక్కటీ పోలేదు. ఇతని గడి ఖాళీగా ఉండుటయే ఇతని ఆట. లెక్క పెట్టినవాడు పొరపడినాడు.'

బావ నా భుజం మీదినుంచి చదివాడు. "నా కుప్ప పెద్దది గాదారా?"

"పెద్దదే బావా."

"మరి?"

"ఆయనది కుప్ప వోసేది గాదు బావా."

గద్వాల వచ్చేదాకా బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అక్క అయితే దసరా దాకా మాట్లాడలేదు. బజారులో ఆర్నెల్లు "కాంటా, జర మల్లొకపారి తూయి, పొరపడినవేమో" అన్నవాళ్లే అందరూ. ఆట మర్నాడు పొద్దున మేస్త్రీ బండ్లు కదిలాయి. గుంజ వాటి వెంట పోలేదు. మూటలు విప్పించి, కోట వాకిట్లో ఇత్తడి గుండీలు పెట్టుకుని నిలబడ్డాడు, గోల్ ముందు నిలబడినట్టే.

మూడు నాలుగేళ్ల తర్వాత ఒకసారి ఆ దారినే పోతూ ఆటపట్టించాలనిపించింది. "ఏం గుంజా, ఇన్నేండ్ల కొలువుల ఎందరు దొంగలను వట్టినవ్?" అన్నాను.

"ఒక్కడు గూడ రాలే కాంటన్నా" అన్నాడు, తప్పు చేసినట్టు ముఖం పెట్టి.

అలవాటు చొప్పున నా చేయి జేబులోకి పోయి ఒక ఆముదపు గింజ తీసింది. ఎక్కడ వేయాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడి, చివరికి వాడి చేతిలోనే పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తరుగు తీసినవా?" అన్నాడు. ఇప్పుడు పత్రికలో ఆ అంకెల గళ్లు చూసి కోపం వచ్చినప్పుడల్లా, మైదానం గీత మీద సున్నం పూసుకుని, మేకను అదిలిస్తూ, లోకమంతా తన గళ్లలో పట్టిందనుకున్న ఆ ఇరవై ఏళ్లవాడు గుర్తొస్తాడు. కోపం అక్కడే ఆగిపోతుంది. వాణ్ణి తిట్టబుద్ధి కాదు.