నాయనమ్మ తలూపిన వేలం

నా చిన్నప్పుడు, ఎనభైల మొదట్లో, మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఉండేవాళ్లం. అప్పటికింకా ఊరి చుట్టూ పత్తి చేలే. నాన్నకి వర్జీనియాలో కొత్త ఉద్యోగం వచ్చింది, ఈ వేలం మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి. సామానంతా సర్దేశాం కానీ, ఆయన ముచ్చటపడి కొనుక్కున్న పాత పికప్ ట్రక్కు మాత్రం అమ్ముడుపోలేదు. పేపర్లో ప్రకటన వేసినా ఎవరూ రాలేదు. ఆఖరికి అమ్మని ఇంటి దగ్గర ఉంచి, నన్నూ నాయనమ్మనీ ఎక్కించుకుని ఊరి చివర వాహనాల వేలానికి తీసుకెళ్లాడు. ఆ రోజూ అమ్ముడుపోకపోతే ఏం చెయ్యాలో ఆయనకే తెలీదు.

ఎండ మాడ్చేస్తోంది. మా వంతు ఎంతకీ రాదు. నాన్న ఒక్కచోట నిలబడితేనా! తాళాలు ఈ జేబులోంచి ఆ జేబులోకి, మళ్లీ ఈ జేబులోకి. ఆయన్ని చూసి నాకూ కాలు నిలవలేదు. నాయనమ్మ ఒక్కతే రేకుల నీడలో, బెంచీ మీద, పురాణానికి వచ్చినంత కుదురుగా కూర్చుంది.

చివరికి మా బండిని పిలిచారు. నాన్న వెళ్లి దాని పక్కన నిలబడ్డాడు, నేను నాయనమ్మ పక్కన కూర్చున్నాను. వేలం వేసే ఆయన మైకులో గుక్క తిప్పుకోకుండా పాడుతున్నాడు. మా ముందు వరసలో ఒక కుర్ర పొలం కూలీ, పక్కన చంటిపిల్లతో భార్య. అతను చెయ్యెత్తాడు. ఎవరో పెంచారు. అతను మళ్లీ ఎత్తాడు, మళ్లీ పెంచారు. నాన్న మొహం వెలిగిపోయింది. ఆ కుర్రాడు మాత్రం ప్రతిసారీ భార్య వంక చూసి, ఆలస్యంగా చెయ్యెత్తుతున్నాడు. ధర పెరిగేకొద్దీ అతని వైపు తిరిగిన ఆమె కళ్లల్లో నీళ్లు.

పెంచేదెవరా అని వెనక్కి చూశాను. ఎవరూ చెయ్యెత్తడం లేదు. పక్కన నాయనమ్మ! ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఊ కొట్టకపోవడం ఆవిడ లెక్కలో మర్యాద కాదు. ఇంగ్లీషు ముక్క రాకపోయినా, ఆ మైకాయన ఇటు చూసినప్పుడల్లా నిండుగా తలూపుతోంది. అక్కడ తలూపితే పాట పెంచినట్టే.

నాన్న కూడా అప్పుడే చూశాడు. ఊరుకుంటే ఆ కుర్రాడు ఇంకాస్త పెంచవచ్చు, అతను మానేస్తే నాయనమ్మ పాటకి బండి మా నెత్తినే పడుతుంది. నాన్న తాళాలు గుప్పిట్లో బిగించి, చెయ్యెత్తి ఆపమన్నాడు.

“ఆవిడ మా అమ్మ. బండి కొనడం లేదు. అతని మొదటి పాట దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.”

జనం నవ్వారు. వేలం ఆయన విసుక్కున్నాడు. నాన్న ఇటు తిరిగి, “అమ్మా, కాసేపు తలూపకే!” అన్నాడు.

“అదేంట్రా, పాపం అంత గొంతు చించుకుంటుంటే ఊ కొట్టద్దూ?” అంది నాయనమ్మ.

ఇంకెవరూ పెంచలేదు. కుర్రాడు మొదట పాడిన ధరకే బండి అతనిదైంది. మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన పక్కింటి అంకుల్ కారులో తిరిగొస్తుంటే, నాన్న తాళాల్లేని జేబు తడుముకుంటూనే జరిగిందంతా నాయనమ్మకి చెప్పాడు.

“అయితే ఆ చంటిపిల్ల తల్లిని ఏడిపించింది నేనేనట్రా?”



నాకిప్పుడు జుట్టు నెరిసింది. నలుగురూ తలూపుతున్న చోట నా తలా ఊగబోతుంది. అప్పుడు నాయనమ్మ గొంతులో ఆ ప్రశ్న వినిపిస్తుంది. తల ఆపి, ముందు వరసలో ఎవరున్నారో చూస్తాను.