కొబ్బరికాయ పట్టుకుని శామీర్‌పేట సైన్స్ పోటీకి

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పిల్లల్ని సైన్స్ పోటీకి తీసుకెళ్లడం ఎలాగని ఈమధ్య ఓ కొత్త టీచరు అడిగింది. దారి చెప్పడం నిమిషం పని. కానీ నేను మొదటిసారి వెళ్లిన రోజు గుర్తొస్తే నిమిషంతో ఊరుకోలేను. రెండువేల దశకం తొలినాళ్ల సంగతి ఇది. కోస్తా నుంచి వచ్చి మచ్చబొల్లారంలో కాపురం పెట్టి, మేడ్చల్ పక్కనున్న ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఆ చుట్టుపక్కల బోర్లు వరసగా ఎండిపోతున్న కాలం. కొత్త బోరు వేయాలంటే ముందు నీళ్లు చూసే మనిషిని పిలిచేవారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని పొలమంతా నడుస్తాడు. కాయ నిటారుగా లేచి నిలబడ్డ చోట బోరు పాయింటు పెడతాడు.

మా పదో తరగతి రజిత ఒకరోజు క్లాసులో లేచి, "కాయ లేసుడు నేను జూసిన మేడం. గది దానంతట అదే లేస్తదా, మనం లేపుతమా?" అని అడిగింది. ఆ ప్రశ్నే మా ప్రాజెక్టు అయింది. రజిత, కవిత, మల్లేష్ కలిసి ఒక జట్టు. నీళ్లున్న డబ్బాలు, ఖాళీ డబ్బాలు మూతలు పెట్టి వరసగా పేర్చేవాళ్లు. దొరికిన ప్రతి మనిషి చేతిలో కాయ పెట్టి, ఒకసారి మామూలుగా, ఒకసారి కళ్లకు గంతలు కట్టి నడిపించేవాళ్లు. మండలంలో గెలిచారు. శామీర్‌పేటలో జరిగే జిల్లా పోటీ కూడా గెలిస్తే రాష్ట్రస్థాయికి వెళ్తారు. మా స్కూలు ఎన్నడూ అంతదూరం పోలేదు. రజితకు అదే ఆఖరి ఏడాది. ఆ పిల్ల గెలవాలని నాకెంత ఆశగా ఉండేదో చెప్పలేను.

పొద్దున ఏడింటికి మేడ్చల్ ఆటోస్టాండులో కలుసుకున్నాం. నేరుగా వెళ్లే బస్సులు తక్కువ, ఉన్నవాటి మీద కూడా నమ్మకం లేదు. అందుకే సెవెన్ సీటర్ ఆటో మాట్లాడుతున్నాను. రజిత వాళ్ల అవ్వ సాగనంపడానికి వచ్చింది. ఇంతలో వెనకాల ఠప్పుమని చప్పుడు. తిరిగి చూస్తే, స్టాండు మూలనున్న పోచమ్మ గుడి ముందు అవ్వ మా సంచిలోని కాయ తీసి కొట్టేసింది.

"అయ్యో అవ్వా, గది మా ప్రయోగం కాయ!" అని మల్లేష్ నెత్తి పట్టుకున్నాడు.

"కాయంటే కాయనే బిడ్డా. గింత మంచి పనికి పోతుండ్రు, తల్లికి కాయ కొట్టకుంట పోతరా?" అంటూ అవ్వ ఒక చిప్ప నా చేతిలో పెట్టింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ చేతిలో ప్రసాదం పట్టుకుని అరవడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. కళ్లకద్దుకుని ఆటో ఎక్కాను.

మనిషికి ఎనిమిది రూపాయలు, డబ్బాలకు విడిగా ఒక సీటు ఛార్జీ. "ఏంది మేడం గీ డబ్బాలు, పెండ్లికి వంట జేయనీకి పోతుండ్రా?" అన్నాడు డ్రైవరు. సైన్స్ పోటీ అని చెప్పగానే, "అయితె జల్దీ పోవాలె, గట్టిగ పట్టుకోండ్రి" అని తోలిన తోలుడుకు దారి పక్క ద్రాక్షతోటలు సరిగ్గా కనిపించనే లేదు. రజిత మాత్రం పరేషానులో ఉంది. "మన చార్టుల ఉన్నదంత గా కాయతోని జేసిందే మేడం. కొత్త కాయ లేవకపోతె?" నా భయమూ అదే. పైకి మాత్రం ఏం కాదన్నాను.

శామీర్‌పేట బస్టాపు దగ్గర కిరాణా కొట్లో మరో కాయ కొన్నాం. పరీక్షించి చూసే తీరిక లేదు, పోటీ జరిగే స్కూలుకు పరుగెత్తాం. మధ్యాహ్నం మా వంతు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో పెద్దాయన, రిటైరైన ప్రొఫెసరు, చార్టు మొత్తం చదివి, "ఈ ఫలితాలన్నీ ఈ కాయతో వచ్చినవేనా?" అన్నారు.

"కాదు సార్. గా కాయను మా అవ్వ పొద్దుగాల పోచమ్మకు కొట్టింది."

హాలంతా ఒకటే నవ్వు. సర్దిచెప్పడానికి లేవబోయాను. రజిత నావైపు చూడనైనా లేదు. "ఏ కాయైతెంది సార్, మీరే పట్టుకొని నడువుండ్రి. గా మూడో డబ్బాల నిండ నీళ్లున్నయి" అంది. నేను కూర్చుండిపోయాను.

చిన్నప్పుడు మా ఊళ్లోనూ చూశానంటూ ఆయన హుషారుగా కాయను అరచేతిలో పెట్టుకుని నడిచారు. మొదటి డబ్బా దాటారు, రెండోది దాటారు. మూడోదాని దగ్గర కాయ నిలువుగా లేచి నిలబడింది. కవిత వెళ్లి మూత తీసింది. చుక్క నీరు లేదు!

"అబద్ధం చెప్పిన, ఏమనుకోకుండ్రి సార్. నీళ్లున్నయని మీరు నమ్మిండ్రు, మీకు తెల్వకుంటనే చెయ్యి లేపింది" అంది రజిత. తర్వాత మల్లేష్ ఆయన కళ్లకు గంతలు కట్టాడు. నిండు డబ్బా పక్కనుంచి ఆయన రెండుసార్లు నడిచినా కాయ కదల్లేదు. గంతలు విప్పుకుని ఆ పెద్దాయన చేసిన మొదటి పని చప్పట్లు కొట్టడం. ఇక హాలు ఆగుతుందా! సాయంత్రం మొదటి బహుమతికి మా స్కూలు పేరు చదివినప్పుడు అంతమందిలో గట్టిగా ఏడ్చేశాను. పిల్లలే నన్ను ఊరుకోబెట్టారు.

ఇప్పుడు ఔటర్ రింగురోడ్డు వచ్చాక ఆ దారి ఎంతసేపని! ఇన్నేళ్లలో చాలా జట్లను తీసుకెళ్లాను, గెలిచాం, ఓడాం. ఆ రోజు నేను లేచి నాలుగు మాటలు మాట్లాడి ఉంటే ఆ గెలుపులో సగం నాదయ్యేది. నోరు మూసుకుని కూర్చోవడం వల్ల మొత్తం వాళ్లదే అయింది. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో దాన్నే ముందు చెబుతాను. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: తిరుగు ప్రయాణానికి ఓ గంట ఎక్కువే పెట్టుకోండి. ఆ సాయంత్రం మా ఆటో కనబడ్డ ప్రతి టీకొట్టు దగ్గరా, ప్రతి చుట్టాల ఇంటి ముందూ ఆగింది. గెలిచిన పిల్లలు తిన్నగా ఇంటికి పోరు.