కూర్చోబెట్టి చెప్పే గది

జూరాకాన్ మా అన్న పెళ్లాం, నాకు వదిన. ఆవిడ గురించి మంచి ముక్క చెప్పమంటే నాకు నోరు రాదు. ముప్పై ఏళ్లుగా ఒకే పొయ్యి దగ్గర దెబ్బలాడుకుంటూ బతుకుతున్నాం మరి. కానీ బిష్కెక్ నుంచి ఓష్ ఊరికి మా కొండదారిన వెళ్లే ఏ డ్రైవరునైనా అడగండి, రెండు కనుమల మధ్య ఎక్కడ ఆగుతావంటే జూరాకాన్ గది దగ్గర అంటాడు. కలీపా చారు దగ్గర అనేవాడు ఒక్కడూ లేడు. పొద్దున్నే లేచి గొర్రె ఎముకలు ఉడకబెట్టి ఆ చారు కాచేది నేను, పేరు మాత్రం ఆవిడది.

ఆ గదికి కారణం మా అన్న సగిన్. లారీ తోలేవాడు. పైకనుమలో లారీ జారి చనిపోయాడు. ఆ కబురు వదినకి ఎలా చేరిందో చెబితే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. రోడ్డు పక్కన మంచు బురదలో నిలబడి ఎండు పెరుగు ఉండలు అమ్ముకుంటోంది. ముక్కూ మొహం తెలియని డ్రైవరొకడు బండాపాడు. ఇంజిన్ ఆపలేదు. అద్దం సగం దించి, "సగిన్ పెళ్లానివి నువ్వేనా? అతను పోయాడు" అనేసి, అద్దం ఎత్తుకుని వెళ్లిపోయాడు. పగవాడికి కూడా మా వాళ్లు కబురు అలా చెప్పరు. మనిషిని కూర్చోబెడతారు, కడుపులో ఏదో ఒకటి పడనిస్తారు, పెద్దవాళ్లు చుట్టూ చేరి, డేగ చేతి మీది నుంచి ఎగిరిపోయిందని ఎక్కడో మొదలుపెట్టి మెల్లగా అసలు మాటకి వస్తారు. ఏడాది పాటు వదిన నోట ఒకటే మాట, "అద్దం దించి చెప్పాడే." భర్త పోయినందుకు ఎంత ఏడ్చిందో దీనికీ అంత ఏడ్చింది.

పెళ్లికి ముందు ఇస్సిక్ కుల్ సరస్సు ఒడ్డున ఆరోగ్య విడిదిలో ఐదేళ్లు గదులు సర్దిన చెయ్యి ఆవిడది. రోడ్డు పనివాళ్లు కాపురముండి వదిలేసిపోయిన రెండు ఇనప గదిబండ్లు సంపాదించి, పక్కపక్కన పెట్టి, మధ్య గోడ కోయించింది. ఇక మొదలైంది నా ప్రాణానికి. కిటికీ రోడ్డు వైపు వద్దంది, కొండ వైపు పెట్టించింది. "బండి కనబడుతుంటే డ్రైవరు పడుకోడే, దాన్నే చూస్తూ కూర్చుంటాడు. బండిని నేను చూస్తాను, వాణ్ణి పడుకోనీ" అంది. గడియారం లేదు, అద్దం లేదు, టీవీ లేదు. తలుపు బందులకి ఉన్ని చుట్టింది, కిర్రుమనకుండా. రేకు గ్లాసులు గలగలమంటాయని తీసేసి పింగాణీ గిన్నెలు తెచ్చింది. వడ్రంగి మంచాలన్నీ కాళ్లు గుమ్మం వైపు వచ్చేలా బిగిస్తే, "శవాలనుకున్నావా నా గిరాకీని" అని తిట్టి, మేకులన్నీ పీకించి అడ్డంగా తిప్పించింది. నా కత్తి చప్పుడుకి జనం ఉలిక్కిపడుతున్నారని మాంసం కొట్టే మొద్దును చలిలో, వెనక పాకలోకి తోయించింది. అక్కడ నా వేళ్లు కొయ్యబారిపోయేవి. అడిగితే, "నీ వేళ్లు నిద్రపోనక్కర్లేదు కదా" అనేది.

అన్నింటికన్నా ఆవిడ ఎక్కువ ఆలోచించింది పొయ్యి పక్క మూల. చావుకి ఊరెళ్లే మనిషికి చావని చెప్పం మేము, ఏదో వంక చెప్పి రప్పిస్తాం. అలాగని తెలియకుండా ఊళ్లోకి రానివ్వకూడదు. తండ్రి పోయిన ఆడపిల్ల వాకిట్లోకి రాగం తీసి ఏడుస్తూనే అడుగుపెట్టాలి. మూడువందల మంది ఎదుట నవ్వుతూ బండి దిగిందా, ఆ పిల్ల చచ్చేదాకా మళ్లీ తల ఎత్తలేదు. అందుకని కింది లోయ ఊళ్ల వాళ్లు వదినకే ఫోను చేస్తారు, మీ దగ్గర ఆగినప్పుడు చెప్పి పంపమని. ఆ మూలలో నాలుగు వరసల ఉన్ని పరుపు, వీపుకి గోడ, చేతికందే దూరంలో నీళ్లు. తల వాలిస్తే తగలడానికి ఒక్క మొన కూడా ఉండదు. తలుపు దగ్గరే కానీ ఎదురుగా కాదు. ఆ మూలలో నలభై ఒక్క మందికి చెప్పింది. ఒక్కరూ నిలబడి వినలేదు, ఆకలితో వినలేదు.

నలభై రెండో మనిషి సంగతే చెప్పాలి. అందులో తప్పు నాది.

మాకు ఫోను నీళ్ల ట్యాంకు దిబ్బ మీద తప్ప అందదు. ట్యాంకు స్తంభానికి సంచిలో వేలాడదీసి ఉంటుంది, మోగితే పరుగెత్తాలి. మొదటి మంచు పడి కరిగిన వారం, పొద్దున పదకొండింటికి మోగింది. నేనే ఎత్తాను.

"జూరాకాన్ గదేనా అమ్మా?" ఆడగొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

"ఆ, చెప్పు తల్లీ."

"మా మామగారమ్మా. డేగ ఎగిరిపోయింది, తెల్లవారుజామున. మా చిన్నపిల్ల బయల్దేరింది, ఏదో వంక చెప్పాం. తెల్ల మినీ బస్సు, ముందు అద్దం పగులు ఉంటుందట. ఊళ్లోకి వచ్చేలోపు మీరే చెప్పాలి."

"పేరేంటి ఆ పిల్లది?"

"అయ్యో, నేనెలా పలుకుతానమ్మా ఆడపడుచు పేరు?"

నిజమే, పలకదు. మామగారి పేరే కాదు, ఆడపడుచు పేరైనా, మరిది పేరైనా మా కోడళ్ల నోట రాకూడదు. కాపురానికొచ్చిన కొత్తలో తలా ఒక ముద్దుపేరు పెట్టుకుంటాం, చచ్చేదాకా అదే. నా మరిదిని నేను ఉంగరాల జుట్టబ్బాయి అంటాను. వాడి నెత్తిన ఇప్పుడు ఒక్క వెంట్రుక లేదు. ఇంత తెలిసినదాన్ని, ఆ పూట నా బుర్ర ఏ గడ్డి మేయడానికి వెళ్లిందో. ఇప్పుడైతే పలకలేని కోడళ్లని పేరు మెసేజ్ రాసి పంపమంటుంది వదిన, రాయడానికి ఏ పట్టింపూ లేదుగా. ఆ రోజు ఆ ఆలోచన ఇద్దరికీ రాలేదు. లైను తెగిపోయింది. నేను దిబ్బ దిగి వెళ్లి, "ఒక చిన్నపిల్ల వస్తోంది వదినా, తండ్రి పోయాడు" అన్నాను.

మధ్యాహ్నానికి పగిలిన అద్దంతో తెల్ల బండి వచ్చింది. డ్రైవరు కుబానిచ్. ముగ్గురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఒకావిడ నలభై దాటిన భారీ మనిషి, ఊల్కాన్. ఎర్ర శాలువా, చంకలో మిఠాయి డబ్బా, దిగుతూనే నవ్వు. రెండోది మీరిమ్, ఇరవై రెండేళ్లుంటాయేమో, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీ చారు కోసం రెండు గంటలుగా కడుపు మాడ్చుకున్నాను, బాగుండకపోతే చూడు" అంది ఊల్కాన్ నాతో. "ఊళ్లో మా అన్న మనవణ్ణి ఊయల్లో వేస్తున్నారు. నువ్వు రాకపోతే పిల్లాణ్ణి వెయ్యనే వెయ్యం అంది మా వదిన. నేను లేకుండా వాళ్లకి ఒక్క పని జరగదు."

వంక అని ఫోనులో చెప్పారు కదా. వేడుక కన్నా మంచి వంక ఉంటుందా? నాకు తట్టలేదు. నా కళ్లు ఆ పాలిపోయిన పిల్ల మీదే ఉన్నాయి.

"ఎందాకా అమ్మా?" వదిన మీరిమ్‌ని అడిగింది.

"ఇంటికండీ. నాన్న దగ్గరికి." గిన్నెలోకి చూస్తూ చెప్పింది. "చదువు మానేసి కుట్టుపనిలో చేరానని ఆయనకి కోపం. ఆరు నెలలైంది మాట్లాడుకుని. ఈసారి నేనే తగ్గుదామని వెళ్తున్నా."

వదిన నా వైపు చూసింది. ఆ పిల్లేనా అని. నేను తల ఊపాను. ఈ తలే, ఈ దిక్కుమాలిన తలే ఊపింది.

వదిన తొందరపడలేదు. ఆ పిల్ల చారు తాగడం అయ్యేదాకా ఆగింది. గిన్నె తీసుకుని, "ఇలా వచ్చి కూర్చో తల్లీ, ఇక్కడ వెచ్చగా ఉంటుంది" అని మూలలో కూర్చోబెట్టింది. మగవాళ్లని కళ్లతోనే పిలిచింది. వాళ్లకి అర్థమై టోపీలు సర్దుకుని వచ్చి కూర్చున్నారు. ఊల్కాన్ కూడా గ్రహించి నవ్వు ఆపేసి, పిల్ల పక్కన చేరి చెయ్యి పట్టుకుంది. డేగ చేతి మీద ఎన్నేళ్లు ఉన్నా ఒకనాటికి ఎగిరిపోక తప్పదని వదిన మొదలుపెట్టింది.

మీరిమ్ రెండో మాటకే పట్టేసింది. "నాన్నా?" అంది. వదిన తల దించుకుంది. ఆ పిల్ల ఏడవలేదు. "నేను మాట్లాడలేదు. ఆరు నెలలు. ఆయన రెండుసార్లు చేశాడు, నేను ఎత్తలేదు." ఇదే మళ్లీ మళ్లీ.

ఊల్కాన్ తన ఎర్ర శాలువా లాగి అవతల పడేసింది. నా నల్ల శాలువా అడిగి తీసుకుని పిల్ల తలకి కట్టింది. "ఏడవమ్మా, లోపల పెట్టుకోకు. వాకిట్లో నోరు కట్టుకుని నిలబడితే నాన్నకే చిన్నతనం. ఇలా చూడు" అని తనే రాగం ఎత్తుకుంది. నా కోసం దారి చూసిన కళ్లు మూశావా నాన్నా, నా గుర్రానికి జీను బిగించిన చేతులు ముడిచావా నాన్నా, అని. ఎంత గొంతు ఆవిడది. మగవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. మీరిమ్ ఒక్కో మాటే అందుకుని ఆవిడ వెనకే ఏడ్చింది. ఆగకుండా అరగంట. చివరికి ఊల్కాన్ గొంతు బొంగురుపోయింది. "మా నాన్నకి ఎనభై. ఆయన్ని తలుచుకుంటే ఆగడం లేదు నాకు" అంది ముక్కు తుడుచుకుంటూ.

తర్వాత ఆవిడే అంది, "అమ్మకి ఒక్క మాట చెప్పిరా, దారిలో ఉన్నానని." మీరిమ్ దిబ్బ ఎక్కింది. కాసేపటికి అక్కడి నుంచి ఒక కేక వినబడింది. పడిపోయిందేమో అనుకున్నాను. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది, నల్ల శాలువా మెడలోకి జారి ఉంది.

"నాన్నే ఎత్తాడు" అంది. "ఎక్కడ చచ్చావే ఇన్నాళ్లూ అన్నాడు. గొర్రెలకి మేత వేస్తున్నాడట."

బతికున్న మనిషిని చంపి, అతని కూతురి చేత అరగంట ఏడిపించాం. వదిన మొహం సున్నం కొట్టినట్టయింది. ఊల్కాన్ ఒక్కతే నవ్వేసింది, పిల్లని గట్టిగా వాటేసుకుంది. "పోనీలే, ఆయనకి ఆయుష్షు పెరుగుతుంది" అంది. నా వైపు తిరిగి, "ఏమమ్మా వంటావిడా, నీకు ఈ మాట ఊదిందెవరు? చెవులు మెలిపెట్టాలి" అంది.

నోరు మూసుకుని ఉండాల్సింది నేను. కడిగేసుకోవాలన్న తొందరలో కక్కేశాను. "నా తప్పేం లేదు. ఎవరో కోడలు ఫోను చేసింది. మామగారు పోయారు, మా చిన్నపిల్ల తెల్ల బండిలో వస్తోంది, మీరే చెప్పండి అంది."

ఊల్కాన్ గది మధ్యలో నిలబడి ఉంది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, తీసేయడం మర్చిపోయినట్టు.

"మా వదిన నన్ను చిన్నపిల్ల అంటుంది" అంది. "తను మా ఇంటికి కొత్తకోడలిగా వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఇప్పటికీ అలాగే అంటుంది."

వదిన లేవబోయింది. ఊల్కాన్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. నన్ను కూర్చోనివ్వండి."

తనే నడిచి వెళ్లి ఆ మూలలో కూర్చుంది. వీపు గోడకి ఆనించింది, పావడా సర్దుకుంది. "ఇప్పుడు చెప్పండి అక్కా" అంది.

ఇందాకటితో కలిపి నలభై రెండుసార్లు డేగని ఎగరేసిన వదినకి ఆ డేగ గుర్తు రాలేదు. చివరికి, "మీ నాన్నగారు పోయారమ్మా. తెల్లవారుజామున" అంది. అంతే అనగలిగింది.

ఊల్కాన్ అవతల పడున్న ఎర్ర శాలువా వైపు చూసింది. "అయితే ఇందాక నేను ఏడ్చింది మా నాన్నకే అన్నమాట" అంది. "ఎర్ర శాలువా తీసేసే ఏడ్చాను, అదొక్కటి నయం."

బండి వెళ్లిపోయాక వదిన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు. గిన్నెలు ఎత్తుతూ, "ఆ అద్దం దించినవాడికీ నాకూ తేడా ఏముందే కలీపా?" అంది. మూలలో కూర్చోబెట్టే చెప్పావు కదా వదినా అన్నాను. "నేను కూర్చోబెట్టలేదు. తనే కూర్చుంది" అంది.

మిగతాది వారం తర్వాత డ్రైవరు కుబానిచ్ చెప్పాడు. మీరిమ్ ఊరు ముందొస్తుంది. ఆ పిల్ల అక్కడ దిగలేదట. ఊల్కాన్ వాళ్ల వాకిలి ముందు బండి ఆగేసరికి రోడ్డు దాకా జనం. ఊల్కాన్ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదట, గొంతు మొత్తం మా గదిలోనే అయిపోయింది. మీరిమ్ ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి, నా కోసం దారి చూసిన కళ్లు మూశావా నాన్నా అని రాగం ఎత్తుకుని, తను ఎన్నడూ చూడని ఆ ముసలాయన వాకిట్లోకి ఆవిణ్ణి నడిపించుకుంటూ వెళ్లిందట. ఈ గొంతు ఎవరిదని అక్కడ ఒక్కరూ అడగలేదన్నాడు.