అనంతరావు సారు తాగని చుట్ట

మొన్న మనవడి బీమా పరీక్షల కోసం వాడి వెంట ల్యాబుకి వెళ్లాను. స్పిరిట్, ఫినాయిలు కలిసిన ఆ పాత వాసన తగలగానే నా కాళ్లు వాటంతటవే లోపలి గదివైపు నడిచాయి. అక్కడ పనిచేసే అబ్బాయి మా మనవడి మూత్రంలో ఒక కాగితపు పట్టీ ముంచి, "సిగరెట్ తాగితే ఇందులో తెలిసిపోతుందమ్మా" అన్నాడు గర్వంగా. నాకు నవ్వాగలేదు. ఆ మాటే అంతకు రెట్టింపు గర్వంగా అన్న మనిషి దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఆయన అనంతరావు సారు.

అరవైల మొదట్లో తాండూరులో వ్యాపారులు కొందరు కలిసి క్షయ రోగులకి ఆరు మంచాల వార్డు నడిపేవారు. నడుమ తడిక, ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. వెనక రేకుల గదిలో ల్యాబు. సారు రోజూ వికారాబాద్ నుంచి రైల్లో వచ్చేవారు. ఆయనకున్న ఒకే ఒక్క అసిస్టెంటుని నేను. మనిషి సన్నం, గొంతు మాత్రం రైలు కూతకి తీసిపోయేది కాదు. గొట్టంలో రంగు మారితే చాలు, పెళ్లివారు దిగినంత సంబరపడేవారు. "అమ్మాయ్, మనిషి అబద్ధమాడ్తడు, ఉచ్చ ఆడదు" అనేది ఆయన వేదవాక్కు. అప్పటికి పెళ్లికాని పిల్లని, ఆ మాట విన్నప్పుడల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

వార్డు పెత్తనం చేసే సేటు ఒక నియమం పెట్టాడు. పొగ తాగిన రోగికి మంచం ఉండదు. మంచం పోతే మందులు పోయినట్టే, మందులు పోతే బతుకు మీద ఆశ పోయినట్టే. దొంగచాటుగా తాగేవాళ్లని పట్టుకోవడం ఎలా అని సేటు తల పట్టుకుంటే, సారు ఎక్కడో చదివిన పరీక్ష ఒకటి ఎత్తుకొచ్చారు. పొగాకులోని నికోటిన్ ఒంట్లో అరిగి మూత్రంలోకి దిగుతుందట. అందులో ఫలానా మందులు కలిపితే ఎరుపెక్కుతుందట.

ఆరుగురి మూత్రమూ పట్టి పరీక్షిస్తే, ఆరు గొట్టాల్లో ఐదు ఎర్రబడ్డాయి. అన్నిటికన్నా ఎర్రనిది బంట్వారం నుంచి వచ్చిన గొర్రెల కాపరి మల్లమ్మది. తెల్లగా మిగిలింది ఒక్క బసప్పది. సేటు బసప్ప వీపు తట్టి, అరటిపండు చేతిలో పెట్టి, మిగతా ఐదుగురినీ సాయంత్రం బండికి వెళ్లిపొమ్మన్నాడు.

మల్లమ్మ మంచం దిగలేదు. "చుట్ట ఇడిసిపెట్టి ఎన్నాళ్లాయెనో! నా బిడ్డ మీద ఒట్టేసి ఇడిసిన. గా గొట్టం మాట ఇంటవు, నా మాట ఇనవా సారూ?"

"గొట్టానికి నీతోని పగనా?" అన్నారు సారు.

"ఏమో, గది నువ్వు సాదుకున్నది గద!"

వార్డంతా నవ్వింది. సారుకి ఒళ్లు మండింది. పొగాకు ఎరుపంటే ఏమిటో అందరికీ చూపిస్తానని, పొద్దంతా జర్దా పాన్ నమిలే సేటునే నమూనా అడిగారు. "నన్నెందుకయ్యా పరేషాన్ జేస్తవ్" అని గొణుగుతూ సేటు సీసా పట్టుకుని దొడ్డివైపు వెళ్లాడు.

సేటుది లేత గులాబీ రంగు దగ్గరే ఆగిపోయింది. సారు దాన్నీ మల్లమ్మదాన్నీ కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టి చూశారు. "పొద్దంత నమిలేటోనికే గింతొస్తే, గామెకు గంత రావాల్నంటె చుట్ట గాదు, పొగాకు గోదాముకే నిప్పు వెట్టుకోని పీల్చాలె" అన్నారు. అని నవ్వలేదు. మొహం పాలిపోయింది. రేపటిదాకా ఎవరినీ పంపొద్దని సేటుని బతిమాలారు. ఆ గొంతు అంతగా తగ్గడం నేను వినడం అదే మొదలు.

తిరిగొచ్చి, రోగులు రోజూ మింగే క్షయ బిళ్లలు తీసి, నేను "సార్!" అనేలోపే గుటుక్కున మింగేశారు.

"వాళ్లంత ఒక్కతీరుగ మింగేది గిదే గద అమ్మాయ్. నేనైతె జన్మల బీడీ ముట్టలే. చూద్దాం."

మర్నాడు రైలు దిగి నేరుగా ల్యాబుకి వచ్చి, కోటు జేబులోంచి తన సీసా తీశారు. మందులు కలిపాం. అది మల్లమ్మదానికి తోబుట్టువులా ఎర్రబడింది. బిళ్ల అరిగినా, పొగాకు అరిగినా మా పరీక్షకి ఒకటేనన్నమాట. సారు స్టూలు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నారు. "ఐదుగుర్ని సావుకు తోలుతుంటి" అన్నారు.

సేటు చెవిలో చెప్పి సర్దేస్తారనుకున్నాను. ఆయన ఆ గొట్టం పట్టుకుని వార్డు నడిమధ్యకి నడిచారు. "గిది నాది. నేను గూడ చుట్ట తాగుతున్ననట! తప్పు మీది గాదు, నాది. మాఫ్ జెయ్యుండ్రి."

మల్లమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ముందే జెప్తె ఇద్దరం కలిసి తాగుతుంటిమి గద సారూ!"

సేటు కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వనిది బసప్ప ఒక్కడే. సారు చూపు వాడి మీద ఆగింది. "మరి నీది తెల్లగెట్లున్నదిరా?" బసప్ప పరుపు అంచు గట్టిగా పట్టుకుని, కన్నడం కలిపి ఏదో గొణిగాడు. మల్లమ్మ తడిక దాటి వచ్చి పరుపు ఎత్తితే బిళ్లలు జలజలా రాలాయి. కడుపులో మంట పుడుతోందని వారాలుగా మింగడం లేదట. సారు తిట్టలేదు. మంచం మీద కూర్చుని, "ఇగ రోజు నా ముంగటనే మింగు. మంటకు మజ్జిగ నేను దెస్త" అన్నారు. వికారాబాద్ నుంచి చెంబుతో రైల్లో తెచ్చేవారు కూడా. బసప్ప బతికాడు. పొగ తాగేవాళ్లని పట్టడానికి తెచ్చిన పరీక్షని మేము బిళ్ల మింగుతున్నదెవరో చూడటానికే వాడుకున్నాం.

ఆ పొద్దుటి నుంచే నాకు సారంటే ప్రేమ. తర్వాత నేనూ చాలా ఏళ్లు ల్యాబులు నడిపాను. మా దగ్గర నుంచి తప్పు రిపోర్టు వెళ్లిందని తెలిసినప్పుడల్లా, మనిషిని పంపకుండా, రోగి మంచం దాకా నేనే వెళ్లి చెప్పాను. ప్రతిసారీ గుమ్మం దాకా వెళ్లి, ఒకసారి వెనక్కి తిరిగి, మళ్లీ వెళ్లేదాన్ని. ఆ రోజు సారు కూడా వార్డు గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగారు. వెనకాలే ఉన్నాను, చూశాను.